పులుసు ఒలకని వీధి

బైకు వచ్చి షట్టర్‌ని గుద్దిన చప్పుడుకి మేడ మీద కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

నర్గీస్ చేతిలో అడ్వాన్సు కవరు ఉంది. ఇంకో క్షణంలో అది ఇంటి ఓనరు శ్రీరామ్మూర్తి చేతిలో పడేది. ఆయన చెయ్యి చాపాడు కూడా. చాపిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఆయన, నర్గీస్, ఆమెతో వచ్చిన దేవి ముగ్గురూ మెట్లు దిగి పరిగెత్తారు. కింద షట్టర్ ముందు పడ్డ కుర్రాడు అప్పటికే లేచి, హెల్మెట్ తీసి, మోకాలు తడుముకుంటున్నాడు. "బానే ఉన్నాను అంకుల్, బానే ఉన్నాను" అన్నాడు. కుర్రాడు బాగానే ఉన్నాడు. షట్టర్‌కి మాత్రం గంపంత సొట్ట పడింది. దాని పక్కనే ఇంకో రెండు పాత సొట్టలు ఉన్నాయి.

"సూసేరా బాబాయ్? నాను సెప్పలేదా?"

గేటు దగ్గర నుంచి వచ్చింది ఆ గొంతు. సాయిశంకర్. మధురవాడలో అద్దె ఇళ్ళకీ షాపులకీ బ్రోకరు. ఎక్కడ టు-లెట్ బోర్డు ఉంటే అక్కడ తేలతాడు.

"వీధిపోటు బాబాయ్ ఇది! కొండ మీంచి రోడ్డు తిన్నగా ఒచ్చి మీ గుమ్మంలో పొడిసేత్తంది. ఇయ్యాల మోకాలు. రేపు ఏటి జరుగుద్దో ఆ భగవంతుడికే తెలియాలి. పాపం ఆడోళ్ళు, పొద్దస్తమానూ ఈ షాపులో కూకుంటారా?"

అతను చెప్పిన రోడ్డు ఎదురుగానే ఉంది. కాలనీ అంతా కొండవాలు. పై నుంచి ఒక రోడ్డు సూటిగా కిందికి దిగి, సరిగ్గా ఈ షట్టర్ ఎదుట అడ్డవీధికి తగిలి ఆగిపోతుంది. అడ్డవీధిలో ఎడమకి వెళ్తే హైవే. కుడికి వెళ్తే గెడ్డ, అదే కొండవాగు, అటు దారి లేదు.

శ్రీరామ్మూర్తి ముఖం పాలిపోయింది. స్టీల్ ప్లాంట్‌లో రిటైరై, ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చేసి, వచ్చిన డబ్బంతా పెట్టి కట్టుకున్న ఇల్లు అది.

"అమ్మా నర్గీస్, ఆ కవరు నీ దగ్గరే ఉంచుకో."

"బాబాయ్, నిన్న మాటిచ్చారు."

"ఇచ్చాను. నిన్న ఈ సొట్ట లేదు తల్లీ. రేపు మీలో ఒకరికి ఏదైనా అయితే నాకు అన్నం దిగుద్దా? శంకర్ ఒక పార్టీని తెస్తన్నాడు, గోడౌన్‌కట. మనుషులు కూర్చోరు, సామాన్లు పెట్టి తాళం వేసుకుంటారు. బుధవారం దశమి, ఆ రోజు రాసేస్తాను. ఏమనుకోకు."

తిట్టి పొమ్మంటే తిరిగి నాలుగు మాటలనొచ్చు. జాలిపడి పొమ్మంటే ఏమంటాం? నర్గీస్ కవరు సంచిలో పెట్టుకుంది. గేటు దాటుతుంటే సాయిశంకర్ దారి వదిలాడు, బోలెడు మర్యాదగా.

"ఏటి అనుకోకండి మేడమ్. మీ మంచికే."

"మా మంచి మాకు తెలుసు గానీ బాబూ, నీ మంచేటో సెప్పు!" అంది దేవి.

నర్గీస్ ఆమె మోచెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

---

నర్గీస్‌ది సిటీలోని పాత ఊరు. అన్న అహ్మద్‌కి అక్కడ గొడుగులూ ట్రంకుపెట్టెలూ అమ్మే కొట్టు ఉంది. పెళ్ళి విడిపోయాక ఆ కొట్టు వెనక గదిలో కుట్టుమిషను ముందు కూర్చోమన్నాడు అన్న. ఆమె కూర్చోలేదు. మధురవాడ వచ్చి కూరలు వండటం మొదలుపెట్టింది. దేవి రుషికొండ దగ్గర చేపలు పట్టేవాళ్ళ పిల్ల. తల్లి నెత్తి మీద గంప ఆమె నెత్తి మీదికి రాబోతుండగా నర్గీస్‌కి చేపలు అమ్మడానికి వచ్చి, చేపలతో పాటు తనూ ఆ వంటింట్లో ఉండిపోయింది. నర్గీస్ గోంగూర మాంసం, దేవి కానాగంత చేపల పులుసు. అన్నం ఎవరి ఇంట్లో వాళ్ళు వండుకుంటారు, కూర వీళ్ళ దగ్గర కొనుక్కెళ్తారు. ఐటీ పిల్లలు, నర్సులు, ఒరియా మేస్త్రీలు, బెంగాలీ కుటుంబాలు, రిటైరైన స్టీల్ ప్లాంటు వాళ్ళు, కాలనీలో సగం మంది నాలుక వీళ్ళ చేతుల్లో ఉండేది.

తర్వాత రోడ్డు వెడల్పు చేస్తూ వీళ్ళ బడ్డీ తీసేశారు. నర్గీస్ అద్దెకున్న మేడ మీద వండుకుంటుంటే ఆ ఇంటి ఓనరు నెలాఖరు దాకే అన్నాడు. షాపు కోసం తిరిగారు. ఒకాయన మాంసం వండకూడదన్నాడు. ఒకాయన మాంసం పర్లేదు, చేపలొద్దన్నాడు. ఒకావిడ అన్నిటికీ సరేనంది. చివర్లో పేరడిగింది. నర్గీస్ అని చెప్పగానే, ఆ షాపు ఉదయమే వేరేవాళ్ళకి ఇచ్చేసినట్టు ఆవిడకి గుర్తొచ్చింది.

శ్రీరామ్మూర్తి మాత్రం ఒక్కటే అడిగాడు. "ఉప్పు సరిగా వేస్తారా?"

ఈ షట్టర్ దొరక్కపోతే నర్గీస్‌కి మిగిలేది అన్న కొట్టు వెనక గది. దేవికి మిగిలేది గంప.

---

ఆ మధ్యాహ్నం ఇద్దరూ స్కూటర్ మీద గెడ్డ పక్కన ఉన్న నర్సుల హాస్టల్‌కి కూరలు తీసుకెళ్ళారు. కొండ రోడ్డు దిగి, షట్టర్ ముందు మలుపు తిరిగి వెళ్ళాలి. షట్టర్ వైపు చూడకూడదని నర్గీస్ గట్టిగా అనుకుంది. చూసింది.

హాస్టల్ దగ్గర దేవి క్యాన్లు దించింది. అలవాటుగా సీటు కింది పాతగుడ్డ తీసి పులుసు క్యాన్ తుడవబోయింది. చెయ్యి ఆగింది.

"అప్పా," అని పిలిచింది నర్గీస్‌ని, అక్కని పిలిచినట్టు.

"ఏంటి?"

"పులుసు ఒలకలేదు."

"మంచిదేగా."

"మంచిది కాదప్పా. రోజూ ఒలుకుద్ది కదా! మూత ఎంత బిగించినా ఆ మలుపు ముందు స్పీడ్ బ్రేకరు మీద ఎగిరి, నా సీర అంతా కారం. నిన్నూ ఒలకలేదు. మొన్నూ ఒలకలేదు. ఎన్నాళ్ళ నుంచి ఈ గుడ్డ పొడిగా ఉన్నాదో సూడు."

గుడ్డ ఎండి, అట్టలా బిగుసుకుపోయి ఉంది.

నర్గీస్ స్కూటర్ వెనక్కి తిప్పింది.

మలుపు దగ్గర చూస్తే రోడ్డుకి అడ్డంగా కొత్త తారు పట్టీ. పాత రోడ్డు బూడిదరంగు, ఆ పట్టీ నల్లగా, నున్నగా, చదునుగా ఉంది. ఒకప్పుడు కాలనీ వాళ్ళు చందాలేసుకుని కట్టుకున్న స్పీడ్ బ్రేకరు అక్కడ ఉండేది. పెద్దది. కారు అడుగు రాసుకునేంత పెద్దది.

మూల మీద ఇస్త్రీ బండి పెట్టుకున్న కాశమ్మ వాళ్ళని చూసి నవ్వింది.

"ఏటమ్మా, రోడ్డులో ఏటి ఎతుకుతన్నారు?"

"ఇక్కడి గతుకు ఏమైంది పిన్నీ?" అని అడిగింది నర్గీస్.

"దసరా ముందరే తవ్వీసినారు కదా. శంకర్ బాబు దగ్గరుండి తవ్వించినాడు. మునిసిపల్ కార్పొరేసను ఆర్డరన్నాడు. నాకేటి తెలుసు? అది పోయినకాడ నుంచీ ఒక్కో బండీ రాకెట్టులా దిగుతంది. ఆ షట్టరు పాపం, దెబ్బ మీద దెబ్బ."

దేవి నోరు తెరిచింది. తిట్టు బయటికి రాకముందే, కొండ రోడ్డు మీంచి ఒక నీళ్ళ ట్యాంకరు దిగింది. దిగినది మలుపు తిరగలేదు. రోడ్డు చివర అడ్డంగా ఆగిపోయింది. డ్రైవరు ఇంజను ఆపి బీడీ వెలిగించాడు. నీళ్ళు పట్టడానికి ఎవరూ బిందెలతో రాలేదు. అతనూ ఎవరి కోసం చూడలేదు.

కాసేపటికి హైవే వైపు నుంచి అడ్డవీధిలోకి తెల్లకారు వచ్చింది. ముందు బంపర్‌కి నిమ్మకాయలూ మిరపకాయలూ వేలాడుతున్నాయి. సాయిశంకర్ తలుపు తీశాడు. పట్టు లాల్చీలో ఒక భారీ మనిషి కుడికాలు ముందు పెట్టి దిగాడు. జేబులోంచి దిక్సూచి తీసి షట్టర్ ముందు నిలబడి చూసుకున్నాడు.

"తూర్పు ముఖం. భేష్. ఎదుటేటి శంకరూ?"

"ఖాళీ జాగా సార్. ట్యాంకరోడు పెట్టుకుంటాడు."

ట్యాంకరు గోడలా నిలబడి ఉంది. దాని వెనక రోడ్డున్నట్టు కొత్తవాడికి అనుమానం కూడా రాదు.

కాశమ్మ బండి చాటున నర్గీస్, దేవి తలలు వంచుకుని నిలబడ్డారు.

"అప్పా, ఆడెవడో తెలిసిందా?" దేవి గుసగుసలాడింది. "ఘుమఘుమ అర్జునరావు! యలమంచిలిలో మొదలెట్టి గాజువాక దాకా కర్రీ పాయింట్లు ఎట్టేసినాడు. బస్సుల మీద ఈడి బొమ్మే. గోడౌనూ లేదు, గాడిదగుడ్డూ లేదు!"

"నాకు బాగా తెలుసు ఈ సారు," అంది కాశమ్మ. "మా చెల్లి గాజువాక కొట్లో గిన్నెలు తోముద్ది. వాస్తు పిచ్చి. గుమ్మానికి మెట్లు సరిసంఖ్య అయిపోనాయని ఒక మెట్టు పగలగొట్టించీసినాడంట."

కారు వెళ్ళిపోయింది. అది మలుపు తిరిగిందో లేదో, ట్యాంకరు స్టార్టయి కొండ మీదికి వెళ్ళిపోయింది. రోడ్డు మళ్ళీ కనిపించింది.

నర్గీస్ పైటకొంగుతో నుదురు తుడుచుకుంది. ఉదయం నుంచి మొదటిసారి నవ్వింది.

"వీడు ఒక్క షాపుకి రెండు కథలు చెప్తున్నాడు దేవీ. ఓనరుకి వీధిపోటు ఉందని, అద్దెకి తీసుకునేవాడికి లేదని. భయపెట్టి అద్దె తగ్గించి, తగ్గించిన షాపు ఆయన చేతిలో పెడతాడు."

"పద, బాబాయ్‌కి ఇప్పుడే సెప్పేద్దాం."

"చెప్తే వీడు కాదంటాడు. మనం షాపు కోసం ఆడిపోసుకుంటున్నామంటాడు. బాబాయ్ ఎవర్ని నమ్మాలి? మనం చెప్పకూడదు. వాడి నోటితో వాడే చెప్పాలి. ఆ ఇద్దర్నీ ఈ రోడ్డుకి ఎదురుగా నిలబెట్టి, వాణ్ణి ఒకే ఒక్క ప్రశ్న అడగాలి."

"ఆ సారు అటు నుంచి ఒస్తాడు. ఇటు ట్యాంకరు అడ్డం. ఎలా సూత్తాడు రోడ్డుని?"

నర్గీస్ అడ్డవీధిని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది.

"మీ ఆయన మాల వేసుకున్నాడుగా. భిక్ష ఎప్పుడు?"

దేవి ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. తర్వాత రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఓలమ్మో!"

---

దేవి మొగుడు గణేష్ కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాడు. ఆయన మాలలో ఉన్నన్నాళ్ళూ ఇంట్లో చేప ముట్టరు కాబట్టే దేవి పులుసు వంటంతా నర్గీస్ మేడ మీదే సాగుతోంది. తోటి స్వాములకి భిక్ష పెట్టాలని ముందే అనుకున్నారు. చోటు మాత్రమే మారింది.

"ఎక్కడైతే ఏటి? స్వాములకి నీడ ఉంటే సాలు," అన్నాడు గణేష్. ఆ తర్వాత అనుమానంగా చూశాడు. "ఇందులో అబద్ధమేటీ లేదు కదా? నాను దీక్షలో ఉన్నాను."

"అబద్ధం ఒక్కటీ లేదు స్వామీ," అంది దేవి. "నిజం సెప్పించడానికే."

బుధవారం ఉదయం అడ్డవీధికి హైవే వైపు ఉన్న భాగంలో, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా షామియానా లేచింది. వీధిలో వాళ్ళెవరూ అభ్యంతరం చెప్పలేదు. బెంగాలీ వాళ్ళు కుర్చీలిచ్చారు. ఒరియా మేస్త్రీలు గుంజలు పాతారు. అహ్మద్ పాత ఊరి నుంచి పెద్ద గొడుగులు పంపించాడు. చెల్లెలి మీద అలిగి మాట్లాడ్డం మానేసిన మనిషి, గొడుగుల మీద చీటీ అంటించి మరీ పంపాడు, "అన్నీ లెక్కపెట్టి తిరిగివ్వాలి" అని. పదకొండు కొట్టేసరికి నల్లబట్టల స్వాములు వరసలుగా కూర్చున్నారు. ఆకులు పడ్డాయి. సాంబారు వాసన కొండెక్కింది.

సాయిశంకర్ బైకు మీద వచ్చి షామియానా చూసి బ్రేకేశాడు.

"ఏటిది? ఎవడిచ్చినాడు పర్మిసను? దారి అడ్డం! తీసీండి, తీసీండి!"

గణేష్ రెండు చేతులూ జోడించి ఎదురొచ్చాడు.

"స్వామి శరణం. కూర్చోండి స్వామీ, మీకూ ఆకేస్తాను."

"అది కాదు స్వామీ, నా పార్టీ ఒస్తంది..."

"పార్టీకి కూడా వేస్తాం స్వామీ."

మాల వేసుకున్నవాడి మీద గొంతు లేపి మధురవాడలో బ్రోకరుపని చేసుకోవడం కుదరదని శంకర్‌కి తెలుసు. ఫోను తీసేలోపే ఫోను మోగింది. స్పీకరు అవసరం లేకుండానే అర్జునరావు గొంతు వీధంతా వినబడింది.

"శంకరూ, స్వాముల భిక్ష జరుగుతంది, నాను దాటి రాను, పాపం. పైన ఇంకో రోడ్డుందట, మా డ్రైవరు ఫోన్లో సూపిస్తంది. అటు తిప్పేసినాం."

"వొద్దు సార్! ఆ రోడ్డు... ఆ రోడ్డు బాలేదు! అక్కడే ఉండండి, నానొచ్చి నడిపించుకొస్తాను!"

"నా మోకాళ్ళతో నడవమంటావేటి?"

ఫోను పెట్టేశాడు. ఆ మరుక్షణమే కొండ మీంచి హారను వినిపించింది. రోడ్డు చివర అడ్డంగా ఉన్న ట్యాంకరు వెనక తెల్లకారు. హారను మీద హారను. శ్రీరామ్మూర్తి మేడ దిగి గేటు దగ్గరికొచ్చాడు.

"ఏమయ్యా శంకర్, ఆ ట్యాంకరెందుకు అక్కడ? మీవాళ్ళేనా వెనక? తియ్యమను."

సాయిశంకర్ కదల్లేదు. కారు కిటికీలోంచి అర్జునరావు చెయ్యి బయటికొచ్చి ఊగింది.

"దుర్ముహూర్తం ఒచ్చేత్తంది! అడ్డం తియ్యించవయ్యా!"

వేరే దారి లేదు. తను డబ్బిచ్చి పెట్టించిన ట్యాంకరుని సాయిశంకర్ తన చేత్తోనే పక్కకి పొమ్మని సైగ చేశాడు.

ట్యాంకరు తప్పుకుంది. కారు దిగింది. కొత్త డ్రైవరు, నున్నటి వాలు, ఆపేందుకు రోడ్డు మీద ఏమీ లేదు. సగం దారిలోనే కారు వేగం అందుకుంది. స్వాములు ఆకుల ముందు లేచి నిలబడ్డారు. ఎవరో "అయ్యప్పా!" అని అరిచారు. టైర్లు కీచుమన్నాయి. కారు ఊగి, జారి, షట్టర్ మెట్టుకి జానెడు దూరంలో ఆగింది. బంపర్‌కి కట్టిన నిమ్మకాయ ఒకటి తెగి, దొర్లుకుంటూ పోయి నర్గీస్ కాలి దగ్గర ఆగింది.

అర్జునరావు దిగాడు. ఈసారి ఏ కాలు ముందు పెట్టాడో ఆయనకే తెలీదు. షట్టర్ వంక చూశాడు. వెనక్కి తిరిగి తనొచ్చిన రోడ్డు చూశాడు. మళ్ళీ షట్టర్ చూశాడు. రోడ్డు బాణంలా ఉంది. షట్టర్ దానికి గురిచూసిన బొమ్మలా ఉంది.

"శంకరూ," అన్నాడు నెమ్మదిగా, "ఇది వీధిపోటు కాదూ?"

నర్గీస్ నిమ్మకాయ తీసి ఆయన చేతిలో పెట్టింది. సాయిశంకర్ వైపు తిరిగింది.

"శంకర్ గారూ, ఇద్దరూ పెద్దలు ఇక్కడే ఉన్నారు. ఒక్క మాట చెప్పండి. ఈ షాపుకి వీధిపోటు ఉందా? లేదా?"

సాంబారు బకెట్టు పట్టుకున్న స్వామి గరిటె ఎత్తినవాడు ఎత్తినట్టే ఉన్నాడు.

సాయిశంకర్ అటు చూశాడు, ఇటు చూశాడు. కమీషన్ వచ్చేది అర్జునరావు దగ్గర నుంచే.

"లేదు సార్," అన్నాడు. "ఏ దోషమూ లేదు. అవన్నీ పుకార్లు."

"అదేటయ్యా!" శ్రీరామ్మూర్తి ముందుకొచ్చాడు. "ఉందని నా ఇంట్లో కూర్చుని ఒట్టేసి మరీ చెప్పావు కదా! అందుకేగా అద్దె సగానికి సగం తగ్గించాను, గోడౌన్‌కని!"

"గోడౌనేటి?" అర్జునరావు కనుబొమలు లేచాయి. "ఇది నా మధురవాడ బ్రాంచి!"

"అంటే బాబాయ్... ఉందనుకోండి... ఉంది గానీ, ఉన్నట్టు కాదు..."

దేవి ఫోను పైకెత్తింది. ఈమధ్యే అతను కాలనీ గ్రూపులో పెట్టిన, అందరూ విన్న వాయిస్ మెసేజే. సాయిశంకర్ గొంతు సాయిశంకర్ ముందే గట్టిగా మోగింది. "కాలనీ మెంబర్లందరికీ నమస్కారం. మీ మంచి కోరి సెప్తన్నాను. ఆ శ్రీరామ్మూర్తి గారి షట్టరు ఎవరూ తీసుకోకండి. రక్తం సూసే వీధిపోటు అది. అక్కడ కూకున్నోడు బాగుపడ్డట్టు సరిత్రలో లేదు..."

"రక్తం!" అర్జునరావు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"రక్తం కాదు సారూ," కాశమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి వచ్చింది. "ఇక్కడ గతుకుండీది. ఈ బాబే తవ్వించీసినాడు. అదుంటే మీ కారు ఇలా జారీదే కాదు."

సాయిశంకర్ బైకు వైపు నడిచాడు. నడక ఎప్పుడు పరుగయిందో ఎవరూ గమనించలేదు. బైకు హైవే వైపు తిప్పాడు. షామియానా. ఇటు తిప్పాడు. గెడ్డ. చివరికి స్టార్టవని బండిని తోసుకుంటూ, రొప్పుతూ, తను నున్నగా చేయించిన కొండ రోడ్డే ఎక్కాడు. వెనక నుంచి స్వాములంతా ఒక్కసారిగా "స్వామియే శరణమయ్యప్ప!" అన్నారు.

అర్జునరావు స్వాములకి దండం పెట్టి, రెండు ముద్దలు ప్రసాదం తిని, కారెక్కాడు. ఆ షాపుకి వీపు చూపించడానికీ భయమే, ముఖం చూపించడానికీ భయమే. ఏమైతేనేం, కారు రివర్సులో కొండెక్కింది.

---

శ్రీరామ్మూర్తి కొత్త తారు పట్టీ దగ్గరికి వెళ్ళి వంగి, బూటు కొనతో గీకి చూశాడు. లేచేటప్పటికి ఆయన ముఖం ఎర్రగా ఉంది.

"అమ్మా, నేను ప్లాంట్‌లో ఏ డిపార్టుమెంటో తెలుసా నీకు?"

"తెలీదు బాబాయ్."

"సేఫ్టీ. యాక్సిడెంట్ ఎందుకయిందని మొదట అడిగే పని నాది. అక్కడ ఎవరైనా జారిపడితే గ్రహాలు చూడలేదు మేం, నేల మీద నూనె ఉందేమో చూసేవాళ్ళం. నా గుమ్మం ముందు మూడు బళ్ళు గుద్దుకుంటే నేను పంచాంగం చూశాను!" పెద్దగా నవ్వాడు. నవ్వు ఆగి, గొంతు తగ్గించాడు. "కానీ తల్లీ, పోటు పోటే. మీకు భయం లేదూ?"

"నాకు షాపు లేకపోతే భయం బాబాయ్. వీధికి భయం లేదు. గతుకు మళ్ళీ కట్టిద్దాం."

"నాకుంది భయం," అంది దేవి వెంటనే. "గడప మీద వినాయకుణ్ణి ఎడతాను, రోడ్డుకేసి సూత్తా ఉంటాడు. పోటుకి అదే విరుగుడు. నీకేటైనా అభ్యంతరమా అప్పా?"

"మీ గణపయ్యకి మన కూర వాసన అభ్యంతరం లేకపోతే నాకేం?"

శ్రీరామ్మూర్తి లోపలికి నడిచాడు. బల్ల మీద అగ్రిమెంటు కాగితాలు సిద్ధంగా ఉన్నాయి.

"మామూలుగా పదకొండు నెలలకి రాసుకుందామా?"

నర్గీస్ కవరు తీసి బల్ల మీద పెట్టింది, చెయ్యి మాత్రం దాని మీద నుంచి తీయలేదు.

"గోడౌన్‌కి ఎన్నేళ్ళు రాయబోయారు బాబాయ్?"

"తొమ్మిది. రిజిస్ట్రేషన్‌తో సహా."

"సామాన్లకి తొమ్మిదేళ్ళిచ్చి మనుషులకి పదకొండు నెలలా? పేరొక్కటి మార్చి టైపు చేయించండి. నా పేరు, దేవి పేరు. అద్దె మాత్రం మొదట మీరడిగినంతే ఇస్తాం. వాడు భయపెట్టి తగ్గించినంత మాకొద్దు."

శ్రీరామ్మూర్తి, బైకు గుద్దిన రోజు గాల్లో ఆగిపోయిన అదే చెయ్యి మళ్ళీ చాపాడు.

---

స్పీడ్ బ్రేకరు కాలనీ వాళ్ళంతా నిలబడి కట్టారు. శ్రీరామ్మూర్తి టేపు పట్టుకుని, పాత సేఫ్టీ హెల్మెట్ పెట్టుకుని, మేస్త్రీల ప్రాణం తీశాడు. పసుపు, తెలుపు చారలు కూడా ఆయనే దగ్గరుండి వేయించాడు.

షాపు తెరిచిన మొదటి రోజే అందరికీ తెలిసిపోయింది, ఆ మలుపు ఎంత విలువైనదో. కొండ మీంచి దిగే ప్రతి బండీ గతుకు దగ్గర ఆగాలి. ఆగితే ఎదురుగా షాపు. తల ఎత్తితే "నర్గీస్ దేవి కర్రీ పాయింట్" బోర్డు. ఊపిరి పీలిస్తే తాలింపు. అక్కడ నుంచి గేరు మార్చి వెళ్ళిపోవాలంటే గుండె రాయై ఉండాలి. సాయంత్రానికి గతుకు మీద బళ్ళ వరస కొండ సగం దాకా నిలబడింది. అహ్మద్ గొడుగులు లెక్కపెట్టుకునే వంకతో వచ్చి, రెండు కిలోల గోంగూర మాంసం తీసుకుని, డబ్బులివ్వకుండా నిలబడి, "మన అమ్మ చేతి వంటలా ఉంది" అన్నాడు. నర్గీస్ ఇంకో గరిటె వేసింది.

వారం తిరక్కుండానే సాయిశంకర్ కాలనీ గ్రూపులో కొత్త మెసేజ్ పెట్టాడు. "వీధిపోటు షాపులు కావలసినవారు సంప్రదించండి. యాపారానికి బాగా కలిసొస్తాది."

ఆదివారం మధ్యాహ్నం తెల్లకారు కొండ దిగింది. గతుకుకి అవతలే ఆగిపోయింది. డ్రైవరు ఒక్కడే దిగి, స్టీలు క్యారేజీ పట్టుకుని వచ్చాడు.

"కానాగంతల పులుసు ఇవ్వండమ్మా."

"సారు దిగరా?" అంది దేవి, కారు వైపు చూస్తూ. వెనక సీట్లో పట్టు లాల్చీ కిందికి జారి కూర్చుంది.

"దిగరమ్మా. వీధిపోటంట. పులుసు మాత్రం నిండా పట్టుకురమ్మన్నారు."

దేవి క్యారేజీ నిండా పోసింది. అంచు దాకా పోసింది. నర్గీస్ వారించబోతే కన్ను గీటింది.

డ్రైవరు క్యారేజీ సారు చేతికిచ్చి, హైవేకి వెళ్ళడానికి కారు జాగ్రత్తగా ముందుకు పోనిచ్చాడు. ముందు చక్రాలు గతుకెక్కాయి. దిగాయి. కారు లోపల నుంచి పెద్ద కేక.

"ఓరి నీ! నా లాల్చీ!"

దేవి స్కూటర్ సీటు కింద దాచుకున్న పాతగుడ్డ తీసి, కారు కిటికీ దగ్గరికి పరిగెత్తింది.

"తుడుసుకోండి సారూ," అంది. "మాకు అలవాటే."